ఆరు వందల ఎనభై

తమ్ముడు పోయిన రోజు పొద్దున ఏడూ పదికి ఊపిరి మీటరులో ముల్లు మూడు వందల ముప్ఫై దగ్గర ఆగింది. ఆమె గోడకు అంటించిన చార్టు చూసి, పసుపు గడిలో చుక్క పెట్టి, "పసుపే. కంగారు లేదు. నాలుగు పీల్పులు పీల్చి మాత్రలు మొదలుపెట్టు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక నేను డాక్టరుకి ఫోను చేస్తాను" అంది. వాడు బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. మెడ కింది గుంట, లోపలినుంచి ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టు, లోపలికి పోతోంది. "సరే..." అని ఆగి, గాలి వెతుక్కుని, "టీచరమ్మా" అన్నాడు. వాడు ఆమెతో అన్న ఆఖరి మాట అదే. ఆమె చెప్పులేసుకుని బడికి వెళ్లిపోయింది. పదీ ఇరవైకి వాడు లేడు.

అది జరిగి ఏడు వారాలు. ఇప్పుడు ఆమె విచారణ గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. గంటలో పిలుస్తారని బంట్రోతు చెప్పి వెళ్లాడు. ఎడమ పక్కన మరదలు, తమ్ముడి భార్య, ఒళ్లో స్టీలు నీళ్ల సీసా పెట్టుకుని ఉంది. కుడి పక్కన మరదలి తమ్ముడు, లారీ డ్రైవరు, మోకాళ్లు ఎడంగా చాపి బల్లలో సగం తనే ఆక్రమించుకున్నాడు. డ్రైవరు మీద డాక్టరుని కొట్టిన కేసుంది. డాక్టరు మీద మనిషి ప్రాణం తీశాడన్న ఫిర్యాదుంది. లోపల విచారణ చేసే ముగ్గురూ తేల్చవలసింది ఒక్కటే: మంచిరోజుల్లో తమ్ముడి నిండు ఊపిరి ఇదీ అని చార్టుకి డాక్టరు ఏ అంకె ఇచ్చాడు? ఆసుపత్రి దస్త్రంలో ఆరు వందల ఎనభై అని ఉంది. ఇంటి గోడ మీది చార్టులో నాలుగు వందల ఎనభై అని ఉంది. మనిషి పోయాక దస్త్రం దిద్దారని డ్రైవరు అంటాడు. డాక్టరు తన చేత్తో రాసిచ్చిన కాగితం కనిపిస్తే గొడవే లేదు. అది చిత్తుకాగితాల్లో పోయిందని ఆమె చెప్పింది. అది పోలేదు. ఆమె చేతిసంచిలో, లోపలి జిప్పు వెనక, నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద ఆరు వందల ఎనభైని అడ్డంగా కొట్టేసి పైన నాలుగు వందల ఎనభై అని వేసిన ఎర్రసిరా ఆమెది.

వసారా ఆ చివరనుంచి ఒక మనిషి ఫినాయిలు నీళ్లతో నేల తుడుచుకుంటూ వస్తోంది. ఆ వాసన ముందుగా వచ్చి గొంతులో గుచ్చుకుంది. ఈ వాసనకి వాడు గిలగిల్లాడేవాడు. ఇంట్లో ఫినాయిలు సీసా ఉండకూడదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. అది ఒక్కటే కాదు, ఏ వాసనకి ఛాతీ పట్టేస్తుంది, కొలిమి దగ్గర ఎన్ని గంటలుంటారు, చలిగాలికా వేడిగాలికా, నవ్వితే దగ్గొస్తుందా, ఏడిస్తే వస్తుందా అని నలభై నిమిషాలు అడిగాడు. బయట వరసలో నిలబడ్డవాళ్లు తలుపు కొట్టారు కూడా. నవ్వినప్పుడు వస్తుంది డాక్టరుగారూ, ఏడవడం నాకు అలవాటు లేదు, అన్నాడు వీడు. పళ్లు బయటపెట్టి. నలభై నాలుగేళ్ల మనిషి, ఐదడుగుల రెండంగుళాలు, బక్కపలచగా, చూస్తే గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. గాజు కర్మాగారంలో ఇనపగొట్టం చివర ఎర్రటి గాజుముద్ద పెట్టి ఊదితే మాత్రం నీళ్లకుండంత బుడగ ఒక్క ఊపిరిలో లేచేది. పనివాళ్లు వాణ్ణి తిత్తి అనేవాళ్లు, కొలిమి తిత్తి. భార్య కూడా కోపమొస్తే అదే పేరు పెట్టి పిలిచేది. అటువంటి తిత్తిలోంచి పిల్లికూతలు రావడం చూసి మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఒకరోజు కొలిమి ముందు దగ్గు తెరలో గొట్టం చేతిలోంచి జారి, కరిగిన గాజు పక్కవాడి పాదం మీద పడింది. చర్మం చిరుగుతున్న చప్పుడు వినిపించిందని తమ్ముడు చెప్పాడు. వేడికి చప్పుడేమిట్రా అని ఆమె అంటే, ఉంటుందక్కా, తడిగుడ్డ చింపినట్టుంటుంది అన్నాడు. అప్పుడు కదిలారు ఆసుపత్రికి.

ఉబ్బసం అని ఒక పేరు పెట్టేశాం గానీ అది ఒక్క జబ్బు కాదండీ, అన్నాడు డాక్టరు. చిన్న మనిషి. మీసాలు ఇంకా కుదురుకోలేదు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకడిలా ఉన్నాడు. పదిమందికి పది రకాలు. ఈయన రక్తంలో ఒక రకం తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయి, అందుకని ఈ మందు ఈయనకి పనిచేస్తుంది. పక్క మంచం మీదాయనకి ఇదే మందిస్తే నీళ్లిచ్చినట్టే. మందు పీల్చే గొట్టం చేతికిచ్చి పీల్చమంటే వీడు బుగ్గలు నింపుకుని ఊదాడు. పొడి అంతా డాక్టరు చొక్కా మీద పడింది. ఇరవై ఆరేళ్లుగా ఊదడమే చేతనయింది సార్, పీల్చడం ఎవరూ నేర్పలేదు. డాక్టరు చొక్కా దులుపుకోకుండానే లేచి, పీల్పు నెమ్మదిగా ఉన్నా చాలే ఇంకోరకం గొట్టం వెతికి తెచ్చి, వాడి వీపు మీద చెయ్యి వేసి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నేర్పాడు. ఆ చెయ్యే. కుడిచెయ్యి. ఆక్సిజన్ సిలిండరు విప్పే ఇనపరెంచీతో డ్రైవరు కొట్టిన చెయ్యి.

"అక్కా, టీ తాగుతావా?" డ్రైవరు అడిగాడు. వద్దంది. "భయపడకు. లోపల వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా నీకంటే పెద్ద టీచర్లేం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. డాక్టరు ఏం రాశాడో నేనూ అదే రాశానను, అయిపోయింది."

ఉన్నది ఉన్నట్టు. అతని పిడికిళ్లు మోకాళ్ల మీద ఉన్నాయి. కుడి పిడికిలి కణుపుల మీద తోలు ఊడి మళ్లీ పట్టిన గులాబీ మచ్చలు. మంచివాడే. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఇంట్లో గ్యాసు సిలిండరు మోసేది, ఆమెను బడి దగ్గర దింపేది అతనే. ఆ రోజు కూడా కొట్టాలని రాలేదు. బావని సామాన్ల బండిలో వేసుకుని, దారి పొడుగునా అతని ముఖం నీలంగా, తర్వాత బూడిదగా మారడం ఒళ్లో చూసుకుంటూ వచ్చాడు. బావ గోళ్లు తన తొడలోకి దిగాయి. ఊపిరి కోసం కొట్టుకునే మనిషికి ఎంత బలం ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది. నలుగురు పట్టినా ఆగలేదు, కాళ్లు తన్నుకుని బండి పక్కపలక విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు గొంతులోకి గొట్టం దింపాడు, ఛాతీ మీద ఎక్కి పక్కటెముకలు విరిగేదాకా నొక్కాడు, చివరికి బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపు పూర్తి కాకముందే డ్రైవరు చెయ్యి లేచింది.

ఆమె అప్పటికే వచ్చింది. సుద్దపొడి చేతులతో, ఎనిమిదో తరగతి లెక్క బోర్డు మీద సగంలో వదిలేసి. ఐదడుగుల దూరంలో నిలబడింది. మొదటి దెబ్బకి డాక్టరు కళ్లజోడు ఎగిరి గోడకి కొట్టుకుంది. రెండో దెబ్బకి పెదవి చీలింది. కొలిమి పనివాళ్లు ఆరుగురు చుట్టూ మూగారు, ఒకడు జుట్టు పట్టాడు, ఒకడు బూటుకాలితో డొక్కలో తన్నాడు, ఇంకొకడు ఎవర్ని కొడుతున్నాడో తెలియకుండా ఏడుస్తూ చేతులాడిస్తున్నాడు. మందుల బల్ల తలకిందులైంది, సీసాలు పగిలాయి, పగిలిన గాజు మీద డాక్టరు అరచేతులు ఆనించి లేవబోయాడు. అప్పుడు రెంచీ దిగింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆమె విన్నది. సుద్దముక్క విరిగితే వచ్చే చప్పుడే, అంత చిన్నదే. కింద పడి ఉన్న డాక్టరు కళ్లజోడు లేని కళ్లతో గుంపులో వెతికి ఆమెను పట్టుకున్నాడు. మూడొందల నలభై దిగితే వెంటనే రమ్మన్నాను కదమ్మా, అన్నాడు. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తోంది. అమ్మా, అంకె ఎంత వచ్చింది? మళ్లీ అడిగాడు. అంకె ఎంత వచ్చిందమ్మా? దెబ్బలు తింటూ ఒక మనిషి లెక్క అడుగుతున్నాడు. లెక్కల టీచరు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడింది. ఎవరో ఆమె భుజం పట్టుకుని, మీరు చూడకండమ్మా, అని పక్కకి తీసుకెళ్లారు. ఆమె వెళ్లింది. ఆ మాటకి ఆమె ఇవాళ్టికీ కృతజ్ఞత చెప్పుకోవాలో ఉమ్మెయ్యాలో తేల్చుకోలేదు.

గడియారంలో పావుతక్కువ పదకొండు. తుడుపుగుడ్డ కాళ్ల దగ్గరికి వచ్చింది, ముగ్గురూ పాదాలు ఎత్తారు, దించారు. మరదలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఇప్పుడు ఫినాయిలు వాడొచ్చు కానీ ఎవరూ తేలేదు.

ఆరు వందల ఎనభై. ఎలా నమ్మడం? చార్టుతో పాటు ఆసుపత్రి వాళ్లిచ్చిన కరపత్రం వెనక ఒక పట్టిక ఉంది. ఈ వయసు, ఈ ఎత్తు మగవాడికి మామూలుగా ఇంత అని. వాడికి దగ్గరగా ఉన్న గడి, నలభై ఐదేళ్లు, ఐదడుగుల రెండంగుళాలు: నాలుగు వందల ఎనభై. ముందు పేజీలో హెచ్చరిక కూడా ఉంది: బుగ్గలతో ఊదితే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. వీడు బుగ్గలతోనే బతికినవాడు. కుర్ర డాక్టరు, చొక్కా నిండా పొడి, బయట వరస, నలభై నిమిషాలు అయిపోయాయన్న తొందర. వీడు బుగ్గలు ఉబ్బించి గారడీ చేసి ఉంటాడు, అతను రాసుకుని ఉంటాడు. నిజానికి ఆమె బయట మందుల కిటికీ దగ్గర ఉన్నప్పుడు, డాక్టరు వీడి రెండు బుగ్గలూ తన వేళ్లతో నొక్కిపట్టి మూడుసార్లు ఊదించాడు. తర్వాత పెద్ద మిషన్ దగ్గర కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. వారం మందు వాడాక రప్పించి మళ్లీ చూశాడు. అదంతా దస్త్రంలో తేదీలతో సహా ఉందని ఆమెకు ఏడు వారాల కింద తెలిసింది. అంతకు ముందు ఎవర్నీ అడగలేదు. కాగితం ఇచ్చిన రోజు ఇంటికి రాగానే దాన్ని బల్ల మీద పరిచింది. రాత గీతలు గీతలుగా ఉంది, అంచున మందు మరక. ఇరవై తొమ్మిదేళ్లుగా చేసే పనే చేసింది. ఎర్రపెన్ను తీసి తప్పు దిద్దింది, తెల్లకాగితం తీసి సాపు రాసింది. నాలుగు వందల ఎనభైలో ఎనభై శాతం మూడు వందల ఎనభై నాలుగు, దాని పైన పచ్చ. సగం రెండు వందల నలభై, దాని కింద ఎరుపు. మధ్యలో పసుపు. స్కేలు పెట్టి గీసింది, రంగు పెన్సిళ్లతో నింపింది. వాడు అన్నం తింటూ చూశాడు. డాక్టరు వేరే ఏదో వేశాడు కదక్కా? తప్పు వేశాడు, నువ్వు బుగ్గలతో ఊది ఉంటావు. వాడు నమలడం ఆపి, అయ్యుంటుంది, అన్నాడు. నువ్వు లెక్కల టీచర్‌వి, నీకు తెలీదా.

అయ్యుంటుంది. అక్క చెప్పిందంటే తన ఊపిరి కూడా తప్పే అనుకున్నాడు. ఎప్పుడూ అంతే. నాన్న దర్జీ. కొలతబద్ద చేతిలో ఉంటే ఆయన మనిషి కాదు. ఎవడి భుజం వాడిదిరా అంటూ ఊళ్లోవాళ్ల భుజాలు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి కొలిచే మనిషి, ఇంట్లో మాత్రం ఆ బద్దని చదునుగా కాక అంచుతో దింపేవాడు. పిల్లాడు దగ్గితే బల్ల కదులుతుంది, సుద్దగీత వంకర పోతుంది, గుడ్డ పాడవుతుంది. దగ్గితే దెబ్బ. దెబ్బకి ఏడుపు, ఏడుపుకి దగ్గు, దగ్గుకి మళ్లీ దెబ్బ. ఒకసారి మెడ పట్టి కత్తిరించిన గుడ్డముక్కల గంపలోకి తల వంచి, దగ్గు ఇప్పుడు, అన్నాడు. గంపలోంచి ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. వాడికి ఆరేళ్లు. ఆమెకు పదకొండు. గుమ్మంలో నిలబడి పదిహేడో ఎక్కం వల్లిస్తోంది. ఆపలేదు. పదిహేడు ఏడులు నూట పందొమ్మిది, పదిహేడు ఎనిమిదులు నూట ముప్ఫై ఆరు. ఆపితే తనకీ పడుతుంది. ఎక్కం తప్పు లేకుండా చెబితే పడదు. ఆ ఇంట్లో ఆమె అలా బతికింది, తప్పు లేకుండా. వాడి పలకలో తప్పులు ముందుగా పట్టేది ఆమే. పట్టి నాన్నకి చూపించేది కూడా. చాడీ చెప్పాలని కాదు. ఆయన వాడి మీద ఉన్నంతసేపు ఈమె మీదికి రాడు.

వాడు దాన్ని ఎన్నడూ గుర్తు చెయ్యలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి గాజు కొలిమిలో చేరిన రోజు, మొదట ఊదిన వంకరటింకర గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, అడుగు సమంగా లేదు అంది. నిజమే, లేదు. బల్ల మీద పెడితే ఒరిగింది. తర్వాత ఇరవై ఆరేళ్లలో వాడు ఎన్నో చేసి తెచ్చాడు. వాడు పోయిన మూడోరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె సుత్తి తీసుకుని, ముందుగా ఊపిరి మీటరుని గడప మీద పెట్టి పగలగొట్టింది. ప్లాస్టిక్కు కాబట్టి వెంటనే పగల్లేదు. ఎగిరి పడింది, మళ్లీ పెట్టింది, మళ్లీ కొట్టింది, ముల్లు ఊడి పక్కకి దొర్లేదాకా కొట్టింది. అప్పుడు అలమర తెరిచి కూజాలు, గిన్నెలు, పూలసీసాలు ఒక్కొక్కటే తీసి నేలకేసి కొట్టింది. అరవలేదు. ఏడవలేదు. పదకొండు వస్తువులు, వరసగా, కింది అరనుంచి పై అరకి. ఒక పెంకు పాదంలో దిగింది, దాని మీద నిలబడే మిగతావి కొట్టింది. మరదలు వచ్చి చూసి, దుఃఖమనుకుని, ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని పెంకు తీసి కట్టు కట్టింది. వదినా నీకేమన్నా అయితే నాకెవరున్నారు, అంది. ఆ కట్టు కడుతున్న చేతుల్ని చూస్తూ ఆమె చెప్పేద్దామనుకుంది. చెప్పులోని రాయి కాదు కదా దులిపేస్తే పోవడానికి. చెప్పలేదు.

ఆరు రోజులు. లెక్క అక్కడ ఆగి నిలబడుతుంది, ఎటునుంచి మొదలుపెట్టినా. ఐదు వందల ఇరవై, నాలుగు వందల డెబ్బై, నాలుగు వందల యాభై, నాలుగు వందల ముప్ఫై, నాలుగు వందల పది, మూడు వందల తొంభై. ఆరు పొద్దుటలు. ఆరు పచ్చ చుక్కలు. అంతకు ముందు అంకె ఆరు వందలు దాటినా, బుగ్గల గారడీయే అనుకుంది. ఆరు వందల ఎనభై ఉన్నవాడికి ఐదు వందల నలభై నాలుగు దిగిన మొదటిరోజే పసుపు. ఆ రోజే మాత్రలు మొదలవ్వాలి, ఆ రోజే డాక్టరుకి ఫోను వెళ్లాలి. ఆరో పొద్దున వాడన్నాడు, అక్కా, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఆమె చార్టు చూసి, మూడు వందల తొంభై, పచ్చలోనే ఉన్నావు, నీకు అలా అనిపిస్తోంది అంతే, అంది. మనిషి ఎదురుగా నిలబడి ఊపిరాడ్డం లేదంటే, కాగితం చూసి ఆడుతోందని చెప్పింది. మరునాడు మూడు వందల ముప్ఫై. డాక్టరు కాగితం ప్రకారం అది ఎరుపు, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా ఆసుపత్రి. ఆమె కాగితం ప్రకారం మధ్యాహ్నం బెల్లు దాకా ఆగొచ్చు. వాడు ఆగలేదు. పసుపే కదా అని కొలిమికి వెళ్లాడు. ఇనపగొట్టం నోట్లో ఉండగానే కూలాడని, కూలుతూ కూడా ఊదాడని, గొట్టం చివర గాజు ఉబ్బి పల్చబడి పగిలిందని పనివాళ్లు చెప్పారు.

పదకొండూ పదికి విచారణ గది పక్క తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు, మెడకి వేలాడేసిన గుడ్డలో. అతని వెంట ఒక నర్సు దస్త్రాల కట్ట మోస్తోంది. వీళ్లని చూసి ఆగిపోయాడు. డ్రైవరు లేచి నిలబడ్డాడు. డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. కట్టు ఉన్న చెయ్యి దానంతట అదే ముఖానికి అడ్డం లేచింది, కొట్టించుకున్న కుక్క చెవులు వాలినట్టు. డ్రైవరు అది చూసి పళ్లికిలించాడు. "ఇంకో చెయ్యి ఉంది కదరా" అన్నాడు, నెమ్మదిగా, పక్కవాళ్లకి మాత్రమే వినపడేలా. డాక్టరు గోడ పట్టుకుని, వాళ్ల మీదినుంచి చూపు తప్పించుకుని, నడిచి వెళ్లిపోయాడు. నడకలో ఒక పక్కకి ఒరుగుతున్నాడు. డొక్కలో తన్నిన పక్క.

డ్రైవరు సిగరెట్టు కోసం మెట్ల వైపు వెళ్లాడు. బల్ల మీద ఇద్దరే మిగిలారు. మరదలు చాలాసేపు నీళ్లసీసా మూత తిప్పుతూ కూర్చుంది, బిగిస్తూ, వదులు చేస్తూ.

"వదినా, ఒకటి అడుగుతాను, నవ్వకు. ఆ రోజు పొద్దున ఎంత వచ్చింది?"

"మూడు వందల ముప్ఫై."

"అది ఎక్కువా, తక్కువా? ఇన్ని రోజులూ అందరూ ఆ అంకె గురించే కొట్టుకు చస్తున్నారు. నాకు ఇంతవరకూ తెలీలేదు. అడిగితే మొద్దు అనుకుంటారని అడగలేదు."

ఎక్కువా తక్కువా. బడిలో ఈ ప్రశ్నకి ఆమె ఎప్పుడూ ఎదురుప్రశ్న వేస్తుంది, దేనికంటే? అని. దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ, అది చెప్పకుండా అంకెకి అర్థం లేదర్రా. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు.

"మామూలు మనిషికి అంత భయపడేది కాదు," అంది. "వాడికి తక్కువ. చాలా తక్కువ. వాడి మంచిరోజుల్లో సగం కూడా కాదు."

"మరి చార్టులో పసుపని ఉంది కదా."

"చార్టు నేను రాశాను."

"తెలుసు. డాక్టరు చూసి రాశావు."

"డాక్టరు సరిగ్గానే రాశాడు. ఆరు వందల ఎనభై అనే రాశాడు. తప్పని కొట్టేసింది నేను. ఆ కాగితం పోలేదు. ఇదిగో, నా దగ్గరే ఉంది."

జిప్పు తీసింది. మడతలు విప్పి మరదలి ఒళ్లో పరిచింది. మరదలు దాన్ని చదవలేదు, ఎర్రగీత మీద వేలు పెట్టింది అంతే. వేలు గీత పొడుగునా ఒక చివరనుంచి ఇంకో చివరికి నెమ్మదిగా వెళ్లింది. తర్వాత సీసా లేచింది. ఆమె దాన్ని చూసింది, తల తిప్పుకోలేదు. స్టీలు అంచు చెంప ఎముక మీద తగిలి కంట్లో తెల్లటి మంట లేచింది. రెండో దెబ్బ పెదవి మీద. మూడోది పడేలోపు మరదలి చెయ్యి గాల్లోనే ఆగింది, సీసా జారి నేల మీద దొర్లింది, మూత ఊడి నీళ్లు తడినేల మీద పారాయి. తుడిచే మనిషి తలెత్తి చూసి, గుడ్డ తెచ్చి ఆ నీళ్లు కూడా తుడిచింది. ఆమె నోట్లో ఉప్పగా ఉంది. నాలుకతో తడిమితే ఒక పన్ను కదిలింది. లోపల ఎక్కడో, ఏడు వారాల తర్వాత, ఊపిరి అడుగుదాకా వెళ్లింది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరదలు మళ్లీ పక్కనే కూర్చుంది. కూర్చోడానికి ఆ వసారాలో ఇంకో బల్ల లేదు. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి.

"నా తమ్ముడు జైలుకి పోతాడు," అంది మరదలు, గోడతో చెప్పినట్టు.

"పోతాడు."

"నీ కాగితం వల్ల నాకు ఇద్దరు పోయారు. మొగుడూ, తమ్ముడూ." మూడో వేలు మడిచి, "నువ్వూ పోయావు. ముగ్గురు."

మెట్ల మీద డ్రైవరు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, ఎవరితోనో నవ్వుతున్నాడు. మరదలు కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. చింపుతుందని ఆమె అనుకుంది. చింపాలనే రెండు చేతుల్లోకీ తీసుకుంది కూడా. బొటనవేళ్లు తెల్లబడేదాకా పట్టుకుంది. అప్పుడు తలుపు దగ్గర బంట్రోతు ఆమెను పిలిచాడు. మరదలు కాగితాన్ని ఆమె ఒళ్లోకి విసిరింది. "పో," అంది. "వాడొచ్చేలోపు పో. వాడు నిన్ను కొడితే నేను అడ్డం రాను."

గది చిన్నది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఆమె పెదవి చూసి, కుర్చీలోంచి సగం లేచి, "ఏమైందమ్మా?" అంది. ఏమీ లేదు, కూర్చుంటాను, అంది ఆమె. కాగితం బల్ల మీద పెట్టి, మడతలు విప్పి, వాళ్ల వైపు తిప్పింది. బోర్డు ముందు నిలబడినప్పటి గొంతుతో చెప్పింది: ఈ నల్లరాత డాక్టరుగారిది. ఈ ఎర్రరాత నాది. ఆయన ఇచ్చింది ఆరు వందల ఎనభై. నా తమ్ముడి సొంత అంకె అది. ఆయన దస్త్రంలో ఏదీ దిద్దలేదు. దిద్దింది నేను. అది పోయిందని అబద్ధం చెప్పింది కూడా నేను. ఆయన్ని కొడుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, నాకు తెలుసు, చెప్పలేదు.

పక్కనున్నాయన కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు. బయట డ్రైవరు గొంతు ఒక్కసారిగా లేచింది. ఏమంటున్నాడో తెలియలేదు. తలుపు మీద ఏదో బలంగా కొట్టుకుంది, గాజు కిటికీ చట్రంలో కంపించింది, బంట్రోతు వెళ్లి గడియ పెట్టాడు. ఇంకో దెబ్బ. ఇంకోటి. పెద్దావిడ ఫోను చేతిలోకి తీసుకుని ఎవరినో పిలవమంది. తర్వాత ఒక అచ్చు ఫారం ఆమె ముందుకి జరిపి, ఇదంతా మీ చేతిరాతతో రాసివ్వాలమ్మా, తొందరేం లేదు, అంది.

ఆమె పెన్ను తీసుకుంది. తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. పేరు, వృత్తి, మరణించినవారితో బంధుత్వం రాసింది. తేదీలు రాసింది. ఏడు పొద్దుటల అంకెలు ఒకదాని కింద ఒకటి, వరస తప్పకుండా రాసింది. ఆసుపత్రి వరండాలో ఎవరెవరు ఏం చేశారో, తను ఎన్ని అడుగుల దూరంలో నిలబడిందో రాసింది. పెదవినుంచి ఒక చుక్క ఫారం మీద పడితే వేలితో అద్దింది. చివర్లో ఒక గడి ఉంది: డాక్టరు ఇచ్చిన అంకెను మార్చడానికి కారణం. అందులో ఆమె ఇంకా ఏమీ రాయలేదు.